ఉప్పుకోటలో చివరి పదహారు పేజీలు

మావిస్ లిండ్‌బ్లాడ్‌కు నిలకడ లేదని రాక్‌ఫర్డ్‌లో ఆమెను ఎరిగినవాళ్ళంతా అంటారు. కుర్చీ ఉంటుంది, కూర్చోదు. కాఫీ పోసుకుంటుంది, సగం తాగి అరల మధ్య ఎక్కడో పెట్టి మరిచిపోతుంది. ఆ కప్పులు వారానికోసారి గూఢచారి నవలల వెనకా వంటల పుస్తకాల మీదా బయటపడుతుంటాయి. ఏడో వీధిలో పాత పుస్తకాల కొట్టు ఆమెది. రెండు పుస్తకాలు తెచ్చిస్తే ఒకటి పట్టుకెళ్ళవచ్చు. ఇరవై ఆరేళ్ళుగా అదే పద్ధతి. పెళ్ళి ఒకసారి అయింది, ఎంతోకాలం నిలవలేదు. ఎవరైనా దాని సంగతి ఎత్తితే, "ఆయన లావుపాటి పుస్తకాలు చదివేవాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

కొట్టు వెనక, హీటరు పక్కన, కత్తులూ మంత్రగాళ్ళూ ఉండే పుస్తకాల గది. చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వచ్చేది ఆ గది కోసమే, నిజం చెప్పాలంటే ఆ గదిలో మావిస్ అడిగే మొదటి ప్రశ్న కోసం.

"మీవాడు లోకాన్ని కాపాడాలా, తన తోలు కాపాడుకుంటే చాలా?"

లోకాన్ని అంటే ఎడమ గోడ. అక్కడివన్నీ దిండ్లంత లావు. ముందు పటాలు, వెనక వంశవృక్షాలు, మూడు భాగాలని మొదలుపెట్టి తొమ్మిదికి లాగినవి. తన తోలు చాలంటే కుడి గోడ. అన్నీ సన్నవి, కోటు జేబులో పట్టేవి. అందులో వీరుడికి లోకం గొడవ పట్టదు. కూలికి కత్తి తిప్పుతాడు, మంత్రగాడి గుహలో దూరతాడు, చావు తప్పి కన్ను లొట్టపోయి బయటపడతాడు, వచ్చింది తాగేస్తాడు. రెండిటి అట్టల మీదా కత్తే ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అనుకునే అమాయకులు ఉంటారు. వాళ్ళంటే మావిస్‌కు ఒళ్ళు మంట. ఆ ఊళ్ళో ప్రతి శుక్రవారం తినే చేపల వేపుడూ చేపల సూపూ ఒకటే అన్నట్టుంటుందని దెబ్బలాటకు దిగేది.

ఓసారి పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే రోండా అనే ఆవిడ ఎడమ గోడ దగ్గర నిలబడి, "మా ఆయన కుడి గోడ మనిషి. ఈ లావువాటిలో ఒకటి పుట్టినరోజుకి ఇద్దామనుకుంటున్నా" అంది.

"విడాకులు కావాలంటే అదే ఇవ్వండి" అంది మావిస్.

"అయితే ఎప్పటికీ ఇటు రాడంటారా?"

"వస్తాడు. ఒక్కసారే లోకం మొత్తం నెత్తిన పెడితే రాడు. ముందు ఒక్క వంతెన ఇవ్వాలి, లేదంటే ఒక్క ఊరు. దాన్ని కాపాడేవాడు దొరికితే ఆ పుస్తకం ఇవ్వండి. తర్వాత మీ ఆయనే లావుది అడుగుతాడు."

మావిస్ పనితనమంతా ఆ ఒక్క మాటలో ఉంది. కుడి గోడ మనిషిని నొప్పి తెలియకుండా ఎడమ గోడకు నడిపించడం ఆ చుట్టుపక్కల ఆమెకు తప్ప ఎవరికీ చేతకాదు. కానీ ఒక్క మనిషి విషయంలో మాత్రం ఇరవై రెండేళ్ళపాటు ఆ పని చేయలేదు. అతను వెర్లిన్ సడుత్.

వెర్లిన్‌కు డెబ్బై ఒకటి. బోల్టుల ఫ్యాక్టరీలో లేతు మిషను మీద ముప్పై ఎనిమిదేళ్ళు నిలబడి రిటైరయ్యాడు. ప్రతి సోమవారం పదిన్నరకు వచ్చేవాడు. చదివిన ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల పెన్సిలుతో చిన్న గుండ్రటి మరచుట్టు, బోల్టు మీద ఉండేలాంటిది, గీసేవాడు, చదివినదే మళ్ళీ పట్టుకుపోకుండా. ఆ కొట్టుకు వచ్చేవాళ్ళందరికీ అలాంటి గుర్తు ఏదో ఒకటి ఉంటుంది. 1974లో మొదటిసారి వచ్చినప్పుడు అతను ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఎవడు చచ్చినా నాకు పట్టదు. కత్తి పట్టినవాడు మాత్రం చివరి పేజీలో తన కాళ్ళ మీద నడిచి వెళ్ళాలి. అలాంటివే ఇవ్వండి."

మావిస్ ఎందుకని అడగలేదు. అలాంటివే ఇచ్చింది. ఇవ్వడానికి ముందు ప్రతిదీ తాను చివరిదాకా చదివి, వీరుడు ప్రాణాలతో ఉన్నాడని రూఢి చేసుకునేది. ఆ లెక్కన వెర్లిన్ కోసమే ఆమె ఆరేడు వందల పుస్తకాలు చదివి ఉంటుంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. సోమవారం పది దాటితే కిటికీ దగ్గరకు నాలుగుసార్లు వెళ్ళివచ్చే అలవాటూ వచ్చింది. ఆ అలవాటుకు ఏం పేరు పెట్టాలో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు, పెట్టదలచుకోలేదు కూడా.

ఆ ఫిబ్రవరి సోమవారం వెర్లిన్ మామూలుగానే వచ్చాడు. టోపీ మీద మంచు దులుపుకుంటూ, "గురువారం పొద్దున్న గుండె కోస్తారట" అన్నాడు, టైర్లు మార్పించుకుంటున్నట్టు.

మావిస్ చేతిలో కప్పు అక్కడే ఆగిపోయింది. "డాక్టర్లేమన్నారు?"

"కవాటం పాడయింది. కొత్తది వేస్తారు. వందకు అరవై అంటున్నారు."

"అరవై ఏమిటి?"

"బతకడం, అమ్మాయ్. మిగతా నలభై సంగతి ఎవరూ ఎత్తరు." పదేళ్ళు చిన్నదైన మావిస్‌ను అతను అలాగే పిలుస్తాడు, అరవై ఒకటి వచ్చినా. "ఇవాళే చేరాలి. చదవడానికి ఏదైనా ఇయ్యి."

కుడి గోడంతా వెతికింది. ఎక్కడ చూసినా మరచుట్టే. అతను చదవనిది ఒక్కటి మిగల్లేదు. అప్పుడు ఆమెకు ముందు వారమే ఎవరో చనిపోయినవాళ్ళ ఇంటినుంచి వచ్చిన పెట్టెలో 'ఉప్పుకోట కావలివాడు' ఉందని గుర్తొచ్చింది. అది చాలా అరుదు. రచయిత ఎవరో ఎవరికీ తెలియదు, వెనక అట్ట మీద ఫోటో కూడా లేదు. ఆమె సొంత ప్రతి ఒకటి ఇంట్లో మంచం పక్కనే ఉంటుంది. ఎన్నిసార్లు చదివిందో. అందులో ఓస్కెల్ అనే ఒంటికన్ను కూలి సిపాయి, ఉప్పు తవ్వుకునేవాళ్ళ చిన్న కోటకు కాపలా ఉంటాడు. లోకం కాదు, ఒక్క కోట. ఎడమ గోడకు మొదటి మెట్టు. చివర్లో శత్రువుల డప్పులు ఆగిపోతాయి, ఓస్కెల్ గడియ తీసి మంచులోకి నడిచి వెళ్ళిపోతాడు, తన కాళ్ళ మీద.

"ఇది తీసుకో. కొంచెం వేరే రకం" అంది.

"నడుస్తాడా?"

"నడుస్తాడు."

ఆ మాట ఆమె ఒట్టేసినంత గట్టిగా చెప్పింది.

బుధవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక మాడిసన్‌నుంచి ఫోను వచ్చింది. ఆర్విల్ అని, అక్కడ ఇలాంటి కొట్టే నడిపే ముసలాయన. ఎవరో 'ఉప్పుకోట' అడుగుతున్నారు, నీ దగ్గర ఉందా అని.

"నాదొకటి ఉంది, ఇవ్వను" అంది మావిస్.

"మంచి స్థితిలో ఉందా? నూట తొంభై పేజీలూ ఉన్నాయా? ఆ కంపెనీ జిగురు దరిద్రం, చివరి పేజీల కట్ట ఊడిపోతుంటుంది."

"నాది నూట డెబ్బై నాలుగు."

"అయితే నీది ఊడిన ప్రతి, మావిస్."

ఆమె ప్రతి వెనక అట్టను ఎవరో పుణ్యాత్ములు టేపుతో శుభ్రంగా అతికించి ఉన్నారు. నూట డెబ్బై నాలుగో పేజీ చివరన చక్కగా వాక్యం పూర్తయి, చుక్క పడి ఉంటుంది. అంతకన్న మంచి ముగింపు ఉండదని ఆమె పదిమందితో వాదించింది కూడా. పాత పుస్తకాల మధ్య పుట్టి పెరిగినంత మనిషి, పేజీలు లెక్కపెట్టడం మరిచిపోయింది!

"ఆ పదహారు పేజీల్లో ఏముంది?" అంది.

"ఛ, ఛ. ముగింపు చెప్పమంటావేమిటి? మన వృత్తికి పద్ధతంటూ ఒకటి ఏడవొద్దూ?"

"ఆర్విల్! నీ పద్ధతి తగలెయ్య! చెప్పు."

"చస్తాడు" అన్నాడు ఆర్విల్. "తప్పేం లేదు, బ్రహ్మాండంగా చస్తాడు."

మావిస్ ఫోను పెట్టేసింది. వెర్లిన్ రోజుకు యాభై పేజీలు చదువుతాడు, ఒక్కటి ఎక్కువా కాదు, తక్కువా కాదు, లేతు మీద పని అలవాటు. సోమవారం యాభై, మంగళవారం వంద, ఇవాళ సాయంత్రానికి నూట యాభై. కానీ రేపు కోత అని తెలిసిన మనిషి పుస్తకం మధ్యలో ఆపుతాడా? ఇవాళే ముగించేస్తాడు. ముగించి, రేపు పొద్దున్న ఆ బల్ల మీద పడుకునేటప్పుడు అతని మనసులో ఉండేది చచ్చిన ఓస్కెల్. ఇరవై రెండేళ్ళు చివరి పేజీలన్నీ జల్లెడ పట్టి, ఒక్క వీరుడి శవం కూడా అతని దాకా పోనివ్వకుండా కాపలా కాసిన మనిషి, సరిగ్గా ఈ వారం చూసి ఈ పని చేసింది. ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

కుడి గోడనుంచి సన్నటి పుస్తకం ఒకటి లాగి కోటు జేబులో కుక్కింది. అతను చదివినదే, అయినా ఫరవాలేదు, అందులో వీరుడు పాడుకుంటూ ఇంటికి పోతాడు. 'ఇప్పుడే వస్తా' అని అట్టముక్క మీద రాసి తలుపుకు తగిలించింది. కారు స్టార్టు కాలేదు. నాలుగుసార్లు తిప్పింది, దాన్ని తిట్టింది, తలుపు తన్నింది, బస్సు ఎక్కింది.

బస్సు పట్టాల దగ్గర ఆగిపోయింది. గూడ్సు బండి. ఎన్ని పెట్టెలున్నాయో, తిండి లేని పాములా కదులుతోంది. మావిస్ సీటులో కూర్చోలేక లేచి, డ్రైవరు పక్కకు వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళింది.

"అమ్మా, మీరు నడిచినంత మాత్రాన అది తొందరగా పోదు" అన్నాడు డ్రైవరు.

"ఇంకా ఎంతసేపు?"

"దాన్నే అడగండి."

దిగిపోయింది. బండి తోక కనబడేదాకా మంచులో పట్టాల పక్కన అటూ ఇటూ తిరిగి, అది దాటగానే బస్సుకంటే ముందు తానే పట్టాలు దాటి, ఆస్పత్రిదాకా పది వీధులు నడిచింది. బూట్లలోకి నీళ్ళు చేరాయి. దారంతా ఒకటే మాట: చదవకు, చదవకు, ముసలోడా, ఒక్కరోజు బద్ధకించు.

గదిలో వెర్లిన్ దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. పుస్తకం పొట్ట మీద బోర్లా పడుంది. గడ్డం నున్నగా గీసేశారు. దానితో మొహం ఎవరిదో చిన్నవాడి మొహంలా ఉంది.

"మావిస్! కొట్టు తగలబడిందా?"

"ఎన్నో పేజీ?"

"ఏమిటి?"

"ఎన్నో పేజీలో ఉన్నావు?"

"నూట యాభై ఆరు. ఏదో సూది పొడిచారు, అక్షరాలు ఈదుతున్నాయి. లేకపోతే ఈపాటికి అయిపోయేదే."

మావిస్ ఊపిరి పీల్చుకుంది. జేబులోంచి పుస్తకం తీసి దుప్పటి మీద పెట్టి, పొట్ట మీద ఉన్నదాన్ని అందుకోబోయింది. వెర్లిన్ దాని మీద చెయ్యేశాడు.

"ఇది చదివినదే."

"మళ్ళీ చదువు. అది ఇటివ్వు. అందులో పేజీలు చెడిపోయాయి."

"ఒక్కటీ చెడిపోలేదు. చూశాను." అతని చెయ్యి కదల్లేదు. "ఎందుకు?"

మావిస్ కిటికీ దగ్గరకు వెళ్ళింది, తిరిగొచ్చింది. చివరకు నోరు విప్పింది. "వాడు చస్తాడు, వెర్లిన్. నా పుస్తకంలో ఆ పేజీలు లేవు. నాకు తెలియదు. నడుస్తాడని నీకు మాటిచ్చాను, అబద్ధమైంది. నన్ను క్షమించు."

వెర్లిన్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. "చస్తాడని నాకు ముప్పయ్యో పేజీలోనే తెలుసు."

"ఎలా తెలుసు?"

"వాడు కూలి పుచ్చుకోలేదుగా. ఉప్పు తవ్వేవాళ్ళ కోసం ఊరికే ఉండిపోయాడు. అలా ఉండిపోయినవాడు బయటికి రాడు. ఇరవై రెండేళ్ళు చదివించావు, ఆ మాత్రం తెలియదా?"

"మరి ఎందుకు చదువుతున్నావు? నువ్వే కదా అడిగావు, నడిచి వెళ్ళాలని?"

"అడిగాను. ఓపల్ అప్పుడు ఇదే ఆస్పత్రిలో ఉంది, కింది అంతస్తులో. పుస్తకంలోనైనా వీరుడు చావకూడదు అప్పుడు." భార్య పేరు అతని నోట ఆమె వినడం అది రెండోసారో మూడోసారో. "తర్వాత అది పోయింది. నాకు ఏదైనా ఫరవాలేదనిపించింది. కానీ నువ్వు అంత పట్టుగా వెతికి పెట్టేదానివి. వద్దంటే బాగుండదని..."

"ఇరవై రెండేళ్ళు?"

"మంచి పుస్తకాలేగా, అమ్మాయ్. కాదన్నానా?"

మావిస్‌కు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఏం చెయ్యాలో తెలియక అతని నీళ్ళ గ్లాసు తీసి తాగేసింది.

"ఇన్ని వందలమంది నడుచుకుంటూ వెళ్ళిపోయారు" అన్నాడు వెర్లిన్. "ఇవాళ వాళ్ళవల్ల నాకేం ఉపయోగం? వాళ్ళకు చావు సంగతి ఏం తెలుసు? రేపు పొద్దున్న నా వంతు ఆ నలభైలో పడితే, ఎలా పోవాలో తెలిసినవాడు ఒక్కడైనా కావాలి. చదువు. నా కళ్ళు కనబడ్డంలేదు."

"నాకు పైకి చదవడం రాదు."

"నువ్వు నడిపేది పుస్తకాల కొట్టు. నోరుమూసుకుని చదువు."

కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె కుర్చీలో గంటసేపు కదలకుండా ఉండడం ఎవరైనా చూసి ఉంటే ఆ రోజే. నూట యాభై ఆరు నుంచి నూట డెబ్బై నాలుగు దాకా ఆమెకు కంఠతా వచ్చు. డప్పులు ఆగాయి. ఓస్కెల్ గడియ తీసి మంచులోకి నడిచాడు. చుక్క.

పేజీ తిప్పింది. ఆ తర్వాతిది ఆమె ఎన్నడూ చూడలేదు. డప్పులు ఆగింది శత్రువులు వెళ్ళిపోయి కాదు, చప్పుడు చేయకుండా వస్తూ ఉండడంవల్ల. ఓస్కెల్ బయటికి నడిచింది ఉప్పువాళ్ళు వెనక దారిన బండ్లు తోలుకుపోయేదాకా వంతెన పట్టుకుని నిలబడడానికి. మావిస్ చదువుతూనే కళ్ళతో ముందుకు పరుగెత్తింది. నూట ఎనభై తొమ్మిదో పేజీలో వాడు వంతెన కొయ్యకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, పొట్ట పట్టుకుని. ఆపకుండా అదే గొంతుతో ఇలా చదివింది: "అప్పుడు ఓస్కెల్ లేచి, కత్తి తుడుచుకుని, తన గుర్రమెక్కి, తెల్లవారకముందే కొండ దాటిపోయాడు."

"గుర్రం నూట అరవైలో చచ్చింది" అన్నాడు వెర్లిన్.

మావిస్ ఆ పేజీని వేలితో నొక్కిపట్టింది.

"నువ్వు రాస్తే ఎవడూ చావడు, మావిస్. పుస్తకంలో ఉన్నది చదువు."

"నువ్వు పోతావేమోనని భయంగా ఉంది" అంది ఆమె. ఇరవై రెండేళ్ళలో అంత సూటిగా అతనితో ఒక్క మాట అనలేదు. "సోమవారం పదిన్నరకు నువ్వు రాకపోతే నేనేం చెయ్యను? చెప్పు. నేనేం చెయ్యను?"

వెర్లిన్ చెయ్యి చాపాడు. సూదులు గుచ్చిన చెయ్యి. ఆమె పట్టుకుంది.

"నాకూ భయంగానే ఉంది" అన్నాడు. "అందుకే చదవమంటున్నా."

చదివింది. ఓస్కెల్ కొయ్యకు ఆనుకుని కూర్చున్నాడు. కత్తి ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు, ఇంకా ఎవడైనా వంతెన ఎక్కితే అందేలా. వాడికి శత్రువుల వైపు చూసే ఓపిక లేదు. కొండ వెనక పోతున్న బండి చక్రాల చప్పుడు వింటున్నాడు. చివరి బండి ఇరుసు కీచుమంటోంది. అది దూరమైంది, సన్నబడింది, గాలిలో కలిసింది. ఇక ఏమీ వినిపించలేదు. అప్పుడు కత్తి దించాడు.

అంతే. ఆ తర్వాత ఖాళీ కాగితం. మావిస్ కన్నీళ్ళు చొక్కా చేత్తో తుడుచుకుంది, పుస్తకం మీద పడకుండా.

"ఆ చివరిది మళ్ళీ చదువు" అన్నాడు వెర్లిన్.

మళ్ళీ చదివింది. చక్రాల చప్పుడు దగ్గరికి వచ్చేసరికి వెర్లిన్ కళ్ళు మూసుకుని ఆమె వేళ్ళు నొక్కాడు.

"చప్పుడు ఆగాకే దించాడు, కదూ?"

"అవును."

"ముందు కాదు."

"ముందు కాదు" అంది మావిస్.